మడత కత్తి ఉక్కు, సాన, గెడ్డం: తరచుగా అడిగే ప్రశ్నలు

తాతగారి పెట్టెలో గెడ్డం గీసుకునే మడత కత్తి దొరికినవాళ్ళూ, కొత్తది తెప్పించుకున్నవాళ్ళూ ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా అడిగే సందేహాలు తిరిగి తిరిగి అవే. వాటిలో సగం ఉక్కు గురించే. ఉక్కు పేరు చూసి కత్తి కొంటారు. గెడ్డం దగ్గర లాగితే ఉక్కునే తిడతారు. నిజానికి ఉక్కు రకాన్ని బట్టి మారేది సాన పట్టే ఓపికా, తుప్పు భయమూ. మొహానికి తెలిసేది మాత్రం ఆ ఉక్కును ఎలా కాల్చి చల్లార్చారు, వాదరను ఎంతవరకు తెచ్చారు అన్నదే.

ముందుగా మూడు మాటలు. వాదర అంటే కోసే అంచు. వీపు అంటే దానికి ఎదురుగా ఉండే మందపాటి వైపు. వాలు అంటే వాదర పక్కన రాయి తగిలి మెరిసే సన్నని పట్టీ.

## కొనే ముందు

కార్బన్ ఉక్కు మంచిదా, స్టెయిన్‌లెస్ మంచిదా?

గెడ్డానికి రెండూ పనికొస్తాయి. కార్బన్ కత్తుల్లో సుమారు 1 నుంచి 1.25 శాతం కార్బన్ ఉంటుంది. దాని గింజ, అంటే ఉక్కు లోపలి రేణువుల కూర్పు, సన్నం, రాయికి తొందరగా లొంగుతుంది, మామూలు సానరాళ్ళతోనే మంచి వాదర వస్తుంది. తడి తగిలితే మాత్రం గంటల్లో మచ్చ పడుతుంది. స్టెయిన్‌లెస్‌లో 12, 13 శాతమో అంతకు పైనో క్రోమియం ఉంటుంది కాబట్టి తుప్పు ఆలస్యం, సానకూ ఆలస్యం. గీసుకున్న ప్రతిసారీ తుడిచి నూనె రాసే ఓపిక ఉంటే మొదటి కత్తిగా కార్బనే తీసుకోండి, సాన నేర్చుకోవడం తేలిక. బారువ, కళింగపట్నం లాంటి సముద్రపు ఊళ్ళో ఉంటూ, తుడవడం మరిచిపోయే అలవాటుంటే స్టెయిన్‌లెస్ మేలు.

ఇంగ్లండు షెఫీల్డ్, జర్మనీ సోలింగెన్ ఊళ్ళ పాత కత్తుల ఉక్కు నిజంగా అంత గొప్పదా?

మంచిదే, మంత్రం ఏమీ లేదు. 1740ల్లో షెఫీల్డ్ దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ మట్టి మూసలో ఉక్కును పూర్తిగా కరిగించే పద్ధతి తెచ్చాక, కత్తి పొడవునా ఒకే తీరు ఉక్కు రావడం మొదలైంది. దానికి తోడు తరతరాలుగా అదే పని చేసిన చేతులు. కానీ వందేళ్ళ కత్తి కొనేటప్పుడు ముద్ర కన్నా వాదరే చూడాలి. వాదర మీదికి నల్లటి తుప్పు గుంటలు వచ్చి ఉంటే, పగులు ఉంటే, వీపు ఒకపక్క ఎక్కువగా అరిగి ఉంటే ఎంత పేరున్న కత్తయినా వదిలేయండి.

కత్తి మీద 'సిల్వర్ స్టీల్' అని ఉంది. వెండి కలిసిందా?

లెక్కలోకి వచ్చేంత వెండి ఉంటుందని అనుకోవద్దు. 1820 ప్రాంతంలో కత్తుల తయారీదారు స్టోడార్ట్, శాస్త్రవేత్త మైకేల్ ఫారడే కలిసి ఉక్కులో వెండి కొద్దిగా కలిపి ప్రయోగాలు చేశారు. 500 పాళ్ళకు 1 పాలు దాటితే కలవలేదు. తర్వాత ఆ మాట అమ్మకపు ముద్రగా మిగిలింది. మామూలు కార్బన్ కత్తిలాగే సాన పట్టండి.

డెమాస్కస్ కత్తి బాగా తెగుతుందా?

అలల గీతలు కంటికే. ఇప్పటి డెమాస్కస్ అంటే రెండు రకాల ఉక్కు పలకలు కలిపి కాల్చి, మడిచి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చింది. మంచి పనివాడు మధ్యలో ఒకే గట్టి ఉక్కు పలక పెట్టి, వాదర దానితోనే వచ్చేలా చేస్తాడు. అలా కాక గీతలు వాదర దాకా వస్తే మెత్తని పొర, గట్టి పొర వేర్వేరుగా అరుగుతాయి. లోపల ఏ ఉక్కు ఉందో అమ్మేవాడు చెప్పకపోతే కొనకండి. పాత డెమాస్కస్ కత్తుల పేరు వెనుక ఉన్నది మన దేశపు మూస ఉక్కే. తెలంగాణలోని కోనసముద్రం దానికి పేరు పొందిన చోటు. ఇంగ్లీషువాళ్ళు 'వూట్జ్' అని రాసుకున్నది మన 'ఉక్కు' మాటనే అంటారు.

నా కత్తి ఏ ఉక్కో ఎలా తెలుస్తుంది? అయస్కాంతం పెడితే అంటుకుంది.

అయస్కాంతంతో తేలదు. వంటింటి స్టీలు గిన్నెలకు అంటుకోదని చూసి అందరూ పొరపడతారు. కత్తులకు వాడే స్టెయిన్‌లెస్ వేరే జాతి, దానికీ అంటుకుంటుంది. నిమ్మరసం పరీక్ష చేయండి. పిడి దగ్గర వేలు ఆనించే తోక మీద, ఎవరికీ కనపడని చోట నూనె తుడిచి ఒక చుక్క వేయండి. అయిదు నిమిషాల్లో చుక్క కింద బూడిదరంగు మచ్చ తేలితే కార్బన్. పది నిమిషాలకీ తళతళలాడుతుంటే స్టెయిన్‌లెస్. వెంటనే కడిగి, ఆరబెట్టి, నూనె రాయండి.

ఆన్‌లైన్‌లో నాలుగైదు వందలకే దొరుకుతున్నాయి. నేర్చుకోవడానికి చాలవా?

చాలవు. వాటిలో చాలావాటికి ఉక్కు సరిగ్గా గట్టిపరచరు. గెడ్డం కత్తికి రాక్‌వెల్ సి స్కేలు మీద 60 నుంచి 63 గట్టిదనం ఉండాలి. అంతకు బాగా తక్కువైతే రాయి మీద వాదర వచ్చినట్టే వచ్చి, గీసుకునే ముందు వాదరను సవరించే తోలు పట్టీ మీద పక్కకు ఒరిగిపోతుంది. పైగా కత్తి వంకర ఉంటే వీపూ వాదరా రెండూ రాయికి ఆనవు. అలాంటి కత్తితో నేర్చుకుంటే తప్పు చేతిదో కత్తిదో ఎప్పటికీ తెలియదు. అదే డబ్బుకి ఇంకొంచెం కలిపి, గుంటలు లేని పాత కార్బన్ కత్తి వెతకండి.

మా ఊరి కమ్మరి లారీ కమాన్ పట్టాతో కత్తులు బాగా చేస్తాడు. గెడ్డం కత్తి చేయించుకోవచ్చా?

కమాన్ పట్టా ఉక్కులో కార్బన్ సుమారు 0.6 శాతమే. కొబ్బరిబోండాల కత్తికి, కొడవలికి అది సరైన ఉక్కు. దెబ్బకు విరగదు. గెడ్డానికి కావలసింది విరగకపోవడం కాదు, సన్నటి వాదర ఒరగకుండా నిలవడం. అందుకు అరిగిపోయిన మంచి ఆకురాయి నయం, అందులో కార్బన్ 1 శాతం పైన ఉంటుంది. బేరింగు ఉక్కు కూడా పనికొస్తుంది, 1 శాతం కార్బన్, 1.5 శాతం క్రోమియం. కష్టమంతా గట్టిపరిచేటప్పుడు పలచని కత్తి మెలిపడకుండా చూడటంలో ఉంది. కొలిమి ముందు కంటి అంచనాతో అది కుదరడం అరుదు.

సెలూన్‌లో బ్లేడు మార్చే కత్తికీ దీనికీ ఉక్కులో తేడా ఉందా?

ఉంది. బ్లేడుకు వాడేది సుమారు 0.65 శాతం కార్బన్, 13 శాతం క్రోమియం ఉన్న స్టెయిన్‌లెస్. మందం 0.1 మిల్లీమీటరు. దాని కార్బైడ్లు, అంటే ఉక్కులో కార్బన్ వల్ల ఏర్పడే గట్టి రేణువులు, చాలా సన్నవి కాబట్టి వాదర అద్భుతంగా వస్తుంది. స్టెయిన్‌లెస్ అంటే మొద్దు అనుకునేవాళ్ళకు ఇదే జవాబు. మడత కత్తి వాదర వెనుక ఉక్కు బరువు ఉంటుంది, చర్మం మీద మెత్తగా నడుస్తుంది. బ్లేడు కత్తి చెయ్యి తప్పితే క్షమించదు.

## సాన దగ్గర

కొత్త కత్తి పెట్టెలోంచి తీసి గీసుకుంటే మంటపుట్టింది. ఉక్కు చెడ్డదా?

ఉక్కును అనుమానించకండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే చాలా కత్తులకు వాలు కట్టి వదిలేస్తారు, గెడ్డానికి కావలసినంత పదును ఉండదు. కనీసం 8000, 12000 గ్రిట్ (అంకె పెరిగేకొద్దీ రాయి సన్నం) రాళ్ళ మీద ఒకసారి నడిపి, తోలు పట్టీ మీద కూడా నడిపాకే తీర్పు చెప్పండి.

ఏయే సానరాళ్ళు కొనాలి?

ఇంట్లో వాడుకోడానికి 1000, 4000 లేదా 5000, 8000, 12000 చాలు. మంచి కత్తి చేతికి వస్తే 8000, 12000 రెండే చాలు. వంటకత్తికి వాడే రెండు వైపుల గరుకు రాయి గెడ్డం కత్తికి తగిలించకండి. ఒక్క రుద్దుకు పడిన గాట్లు తీయడానికి గంట పడుతుంది.

1000 రాయి మీద పని అయిందని ఎలా తెలుస్తుంది?

మొత్తం సానలో ప్రాణం ఇక్కడే ఉంది. ఇక్కడ తొందరపడితే 12000 మీద ఎన్నిసార్లు తిప్పినా అద్దంలా మెరిసే మొద్దు కత్తి వస్తుంది.

కత్తిని రాయి మీద పడుకోబెట్టండి, వీపు, వాదర రెండూ ఆనాలి. వాదర ముందుకు నడవాలి. చివర తిప్పేటప్పుడు వీపు మీదుగా తిప్పాలి, వాదర మీదుగా ఎప్పుడూ కాదు. రాయి కత్తి కన్నా సన్నమైతే, మడమ (వాదరకు పిడి వైపు కొస) దగ్గర మొదలుపెట్టి మొన దగ్గర తేలేలా కొంచెం ఐమూలగా లాగండి. బరువు కత్తిదే. వేళ్ళు నొక్కితే పలచని కత్తి వంగి, నడుమ ఒకలా చివర ఒకలా అరుగుతుంది.

మార్కరు పెన్నుతో రెండు పక్కలా వాలు మీద నల్లగా పూయండి. అయిదారుసార్లు నడిపి వెలుతురులో చూడండి. నలుపు వాదర అంచున సన్నని దారంలా మిగిలితే రాయి అక్కడికి ఇంకా చేరలేదు. మొన దగ్గర మాత్రమే మిగిలితే చెయ్యి మొన దగ్గర లేస్తోంది. నలుపు అంచుదాకా పోయాక, ట్యూబ్‌లైటు కింద వాదరను కంటికి ఎదురుగా నిలబెట్టండి. పూర్తయిన వాదర కనపడదు. ఎక్కడైనా తెల్లగా చుక్క మెరిస్తే అక్కడ ఇంకా మొద్దు. చివరిగా ముంజేతి వెంట్రుకలను చర్మానికి ఆనించి గీస్తే మడమ నుంచి మొన దాకా ఒకేలా రాలాలి.

తర్వాత రాళ్ళ మీద పని తక్కువ. 4000 మీద ముప్పయి నలభై రుద్దులు, 8000 మీద అన్నే, 12000 మీద ఇరవై. ఒక పోకా ఒక రాకా కలిపి ఒక రుద్దు.

స్టెయిన్‌లెస్ కత్తిని గంట రుద్దినా వాదర రావడం లేదు. ఎందుకు?

స్టెయిన్‌లెస్‌లో క్రోమియం కార్బైడు రేణువులు ఉంటాయి. అవి క్వార్ట్జ్, గార్నెట్ అనే ఖనిజాల కన్నా గట్టివి. సహజమైన సానరాళ్ళలో ఆర్కాన్సాస్ రాయిలో కోసేది క్వార్ట్జ్, బెల్జియం కోటిక్యూల్ రాయిలో గార్నెట్. ఆ రాళ్ళు చుట్టూ ఉన్న ఉక్కును అరగదీస్తాయి గానీ రేణువును తేలిగ్గా కోయలేవు. రేణువు నిలబడి, కొన్నాళ్ళకు ఊడి, వాదరలో చిన్న గుంట మిగులుతుంది. 440సి లాంటి పెద్ద రేణువుల ఉక్కుతో ఈ బాధ ఎక్కువ.

అల్యూమినియం ఆక్సైడుతో చేసిన సానరాయి క్రోమియం కార్బైడు కన్నా గట్టిది. దాన్ని వాడండి, 1000 మీద కార్బన్ కత్తికి పట్టే సమయానికి రెట్టింపు ఇవ్వండి, నొక్కడం మాత్రం పెంచకండి. తొందరగా కావాలంటే వజ్రపు ప్లేటుతో మొదలుపెట్టవచ్చు. దాని గీతలు లోతు కాబట్టి తర్వాతి రాయి మీద అవి పూర్తిగా పోయేదాకా ఆగాలి. వెనేడియం కలిసిన ఉక్కు అయితే అల్యూమినియం ఆక్సైడూ చాలదు, చివరిదాకా వజ్రమే.

జపాన్ 'తెల్ల కాగితం', 'నీలి కాగితం' ఉక్కుల్లో ఏది సులువు?

తెల్లది. అందులో ఇనుము, కార్బన్ తప్ప కావాలని కలిపింది దాదాపు ఏమీ లేదు. నీలిదానికి టంగ్‌స్టన్, కొద్దిగా క్రోమియం చేరుస్తారు, వాదర ఎక్కువ రోజులు నిలుస్తుంది, సానకు మరికాస్త సమయం తీసుకుంటుంది. పేర్లు ఉక్కు రంగువి కావు, చుట్టే కాగితానివి. రెండూ తుప్పు పడతాయి.

వీపుకి టేపు అంటించి నూరాలా?

కత్తి కోణాన్ని వీపు మందమే నిర్ణయిస్తుంది. 16 మిల్లీమీటర్ల వెడల్పు, 4.5 మిల్లీమీటర్ల వీపు ఉంటే వాదర కోణం సుమారు 16 డిగ్రీలు. కరెంటు పనివాళ్ళు వాడే టేపు ఒక పొర వేస్తే ఒక్కో పక్క అర డిగ్రీ పెరుగుతుంది. వీపు మీద బంగారు నగిషీ ఉన్నా, డెమాస్కస్ గీతలు పోకూడదన్నా, వాదర మాటిమాటికీ పెచ్చులూడుతున్నా టేపు వేయండి. ఒకసారి టేపుతో మొదలుపెడితే ప్రతిసారీ టేపుతోనే నూరాలి. మానేస్తే రాయి వాదరకు చేరదు. టేపు చిరిగిన వెంటనే మార్చండి.

సాన పట్టిన మర్నాడే వాదరలో పెచ్చులు లేచాయి. ఉక్కు పెళుసా?

మూడు కారణాలుంటాయి. పాత తుప్పు గుంట వాదరకు చేరి ఉండొచ్చు. అప్పుడు గుంట దాటేదాకా ఉక్కు తీసెయ్యాల్సిందే. ఎక్కువ నూరి వాదరను రేకులా పలచబరిచి ఉండొచ్చు. ఆ రేకు మొదటి గీతకే విరుగుతుంది. అలాగైతే 8000 మీద వాదరను ఒక్కసారి నిలువుగా, అతి తేలిగ్గా ఆనించి రేకు తీసి, మళ్ళీ పది పదిహేను రుద్దులు నడపండి. ఈ రెండూ కాకుండా, టేపు వేసినా పెచ్చులు ఆగకపోతే ఉక్కును మరీ పెళుసుగా గట్టిపరిచారన్నమాట. అది చాలా అరుదు.

సైకిలు మీద తిరిగే సాన అతనికి ఇవ్వొచ్చా?

కత్తిపీటకు ఇవ్వండి, దీన్ని ఇవ్వొద్దు. కార్బన్ కత్తి గట్టిదనం 200 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే దిగిపోవడం మొదలవుతుంది. పొడి చక్రం కింద వెంట్రుక మందం వాదర ఆ వేడికి రెప్పపాటులో చేరుతుంది. లేత పసుపు రంగు తిరిగితే సుమారు 220, నీలం తిరిగితే 300 దాకా వెళ్ళినట్టు. నీలం తిరిగినంత మేర వాదర ఇక నిలవదు.

రాయి మధ్యలో గుంత పడింది.

రాయి మీద పెన్సిలుతో గళ్ళు గీయండి. మందపాటి అద్దం మీద 220 నీటి ఎమరీ కాగితం తడిపి పరిచి, గళ్ళన్నీ పోయేదాకా రుద్దండి. స్టెయిన్‌లెస్ నూరేవాళ్ళు ఇది తరచుగా చేయాలి.

## తోలు పట్టీ మీద

తోలుకు ముందు కత్తిని నడిపే పట్టీకి లినెన్ గుడ్డ ఇక్కడ దొరకదు. బదులు ఏమిటి?

మంచానికి అల్లే నూలు నవారు భేషుగ్గా పనికొస్తుంది. కొనేటప్పుడు ఒక పోగు లాగి వెలిగించండి. కాగితం కాలిన వాసన వచ్చి బూడిదైతే నూలు. కరిగి పూసలా గడ్డకడితే నైలాన్, అది వద్దు. వేడినీళ్ళలో ఉతికి గంజి వదిలించి, బిగించి ఆరబెట్టండి. పొందూరు ఖద్దరు పట్టీకి మరీ సన్నం, కత్తి తుడవడానికి మాత్రం దాన్ని మించింది లేదు. తడి పీలుస్తుంది, నూగు వదలదు.

పట్టీ మీద ఎన్నిసార్లు నడపాలి?

గీసుకునే ముందు నవారు మీద ఇరవై, తోలు మీద యాభై. రాయి మీద వాదర ముందు నడిస్తే, ఇక్కడ వీపు ముందు నడవాలి. పట్టీ సడలితే వాదర గుండ్రబడుతుంది కాబట్టి బిగించి పట్టుకోండి. గట్టి స్టెయిన్‌లెస్‌కు తోలు మీద ఇంకో ఇరవై ఇవ్వండి.

పచ్చ పేస్టు రాయాలా?

అది క్రోమియం ఆక్సైడు. 0.5 మైక్రాన్ల నాణ్యమైన పొడి అయితే నెలకోసారి పది రుద్దులు మేలు చేస్తాయి. హార్డ్‌వేర్ షాపులో పాలిష్‌కు అమ్మే పచ్చ కడ్డీలో పెద్ద గరుకు రేణువులు కలుస్తాయి, వాడకండి. పేస్టు రాసిన పట్టీ వేరు, రోజువారీ పట్టీ వేరు ఉండాలి.

## గెడ్డం దగ్గర

కత్తి లాగుతోంది. తప్పు ఉక్కుదా, సానదా, చేతిదా?

ఎక్కడ లాగుతోందో చూడండి. చెంప మీద కూడా లాగితే పదును లేదు. చెంప మీద నున్నగా నడిచి గడ్డం కింద మాత్రమే లాగితే కత్తి కోణం ఎక్కువైంది లేదా చర్మం బిగించలేదు. మొదటి సగం బాగుండి రెండో సగంలో లాగితే వాదర ఒరుగుతోంది. ఉక్కును అనుమానించాల్సింది ఈ ఒక్కచోటే.

ఎంత వాల్చి పట్టుకోవాలి?

సుమారు 30 డిగ్రీలు. వీపుకీ చర్మానికీ మధ్య పెన్సిలు దూరేంత ఎడం. వెంట్రుకలు మొలిచిన దిక్కునే గీయండి, రెండో చేత్తో చర్మం బిగించండి.

వేడినీళ్ళలో ముంచితే ఉక్కు మెత్తబడదా?

మెత్తబడదు. మరిగే నీళ్ళు 100 డిగ్రీలే. గెడ్డం నానాలంటే రెండు మూడు నిమిషాల తడి కావాలి, వేడినీళ్ళు అక్కడ వాడండి.

పటిక రాసుకున్న చేత్తో కత్తి పట్టుకుంటే మచ్చలు పడ్డాయి.

పటిక నీరు ఆమ్లం. కార్బన్ ఉక్కును నిమిషాల్లో కొరుకుతుంది. కత్తి కడిగి, తుడిచి, పక్కన పెట్టాకే పటిక ముట్టుకోండి.

ఇంట్లో ఇద్దరం ఒకే కత్తి వాడొచ్చా?

వాడకూడదు. కంటికి కనపడని గాటు చాలు, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి రక్తం ద్వారా అంటుకోవడానికి. ఎవరి కత్తి వారిదే.

## దాచేటప్పుడు

కత్తి తుప్పు పట్టీసింది. ఏటి చెయ్యాలి?

బూడిదరంగు పొర తుప్పు కాదు, దాన్ని వదిలేయండి. ఎర్రగా పొడి రాలితేనే పని. 1000 నీటి ఎమరీ కాగితం కుట్టుమిషన్ నూనెలో ముంచి, వీపు నుంచి వాదర వైపు మాత్రమే తుడవండి. తర్వాత 2000. బఫ్ చక్రం మీద పెట్టించకండి, వేడెక్కి వాదర చచ్చిపోతుంది. చివర కొత్త వాదర కట్టాల్సిందే.

వర్షాకాలంలో, తుఫాను రోజుల్లో ఎలా కాపాడుకోవాలి?

భావనపాడు, భోగాపురం వైపు గాలిలోనే ఉప్పుంటుంది, చాలా బోరు నీళ్ళలోనూ ఉంటుంది. ఆఖరి కడుగు తాగే నీళ్ళతో పెట్టండి. వాదర, పిడి లోపలి సందు రెండూ తుడిచి, కత్తి సగం తెరిచి గంటసేపు గదిలో ఆరనివ్వండి. తర్వాత కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి రెండు పక్కలా పలచగా పూయండి. సిలికా జెల్ పొట్లంతో మూత బిగిసే డబ్బాలో పెట్టండి. తోలు సంచీలో వద్దు, తోలు తడి పట్టుకుంటుంది. వాడకపోయినా పదిహేను రోజులకోసారి తీసి నూనె మార్చండి.

కొబ్బరి నూనె రాయకూడదా?

ఒకటి రెండు రోజులకు ఫరవాలేదు. నెలల తరబడి ఉంచితే జిగురెక్కుతుంది, కీలు దగ్గర గడ్డకట్టి తడిని పట్టేస్తుంది. ఖనిజ నూనె అలా కాదు.

ఎంత నూనె రాసినా పిడి ఆనేచోటే తుప్పు వస్తోంది.

పిడి పాతకాలపు ప్లాస్టిక్ అయిన సెల్యులాయిడ్‌ది అయి ఉంటుంది. అది పాతబడి కుళ్ళేటప్పుడు వదిలే ఆమ్లపు ఆవిరి ఉక్కును తినేస్తుంది. కత్తి మడిచాక పిడి ముక్కు దగ్గర పెట్టుకుంటే కర్పూరం లాంటి ఘాటు, పుల్లటి వాసన కలిసి వస్తాయి. వెంటనే కీలు మేకు తీయించి కత్తిని విడదీసి, ఎబొనైటు (గట్టి రబ్బరు) లేదా మంచి కర్ర పిడి వేయించండి. పాత పిడిని మిగతా కత్తులున్న డబ్బాలో పెట్టకండి, నిప్పు దగ్గరా ఉంచకండి. సెల్యులాయిడ్ భగ్గుమంటుంది.